పాత వీడియో గేముల్లో లైఫ్‌లు, కాయిన్లు మెమరీలో పట్టుకుని మార్చడం ఎలా

చీట్ కోడ్ ఎవరో కనిపెట్టి ఇస్తే మనం కొట్టేయడం ఒక ఎత్తు, గేమ్ మెమరీలోకి మనమే దిగి లైఫ్‌లు ఎక్కడ పెట్టాడో పట్టుకోవడం ఇంకో ఎత్తు. ఈ రెండోది పెద్ద కష్టమేం కాదండి, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, ఒక పాత లాప్‌టాప్, ఒక ఎమ్యులేటర్ (అంటే పాత గేమ్ మెషీన్‌లా నటించే ప్రోగ్రామ్), కాస్త ఓపిక ఉంటే చాలు. కానీ చాలామంది మొదటి అరగంటలోనే దొరకట్లేదని వదిలేస్తారు, ఎందుకంటే స్క్రీన్ మీద 3 కనపడింది కదా అని మెమరీలో కూడా 3 కోసమే వెతుకుతారు. అక్కడే తేడా కొడతాది. స్క్రీన్ మీద అంకె వేరు, లోపల అంకె వేరు, చాలాసార్లు. అందుకని నేను చెప్పే పద్ధతంతా ఒక్కదాని మీదే నడుస్తాది, అంకె ఎంతుందో పక్కన పెట్టి, అది ఎప్పుడు మారింది ఎప్పుడు మారకుండా ఉంది అన్నది చూసి వెతకడం.

వైజాగ్‌లో తొంభైల్లో పెరిగినోళ్ళకి ఈ గేములు గుర్తుండే ఉంటాయి. జగదాంబ వైపో పూర్ణా మార్కెట్ వైపో బేరమాడి తెచ్చుకున్న టీవీ గేమ్, దాన్లోకి ఒక క్యాసెట్, క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని రాసుంటే లోపల నికరంగా నాలుగైదు గేములే ఉండేవి, అవే మళ్ళీ మళ్ళీ వేరే పేర్లతో వచ్చేవి. ఒకసారి కాంట్రా మొదటి స్టేజ్ నుంచి, ఇంకోసారి అదే కాంట్రా మధ్యలో ఏదో స్టేజ్ నుంచి. ఆ క్యాసెట్ చేసినోడు చేసింది కూడా ఇదే పని, స్టార్టింగ్ వాల్యూ మార్చేసి కొత్త గేమని లిస్టులో పెట్టేశాడు. ఆ టీవీ గేమ్ డబ్బాలు ఎక్కువ శాతం 1983 జూలైలో జపాన్‌లో నింటెండో వదిలిన ఫామికామ్‌కి కాపీలు, బయట దేశాల్లో దాన్నే ఎన్‌ఈఎస్ అన్నారు. మనం నేర్చుకోడానికి కూడా అదే బెస్టు, ఎందుకంటే దాని మెమరీ చాలా చిన్నది, ఎక్కువ వెతకక్కర్లేదు.

కావాల్సిన సామాను

విండోస్ లాప్‌టాప్ ఉంటే ఎఫ్‌సీఈయూఎక్స్ (FCEUX) అనే ఎమ్యులేటర్ దించుకోండి, ఫ్రీ, సైజు కూడా చిన్నది, ఎంత పాత సిస్టమైనా లాగేస్తాది. మెసెన్ కూడా బాగుంటాది, కానీ మొదటిసారికి ఎఫ్‌సీఈయూఎక్స్‌లో వెతికే విండో సులువుగా అర్థమవుద్ది కాబట్టి నేను దాంతోనే చెప్తాను. ఫోన్ మాత్రమే ఉన్నోళ్ళకి రెట్రోఆర్క్ ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

గేమ్ ఫైల్ మాటేంటంటే, మీ దగ్గర క్యాసెట్ ఉంటే దాన్నుంచి తీసుకున్న కాపీ వాడుకోండి, లేదా ఇప్పటికీ ఎన్‌ఈఎస్ కోసం కొత్తగా గేములు రాసి ఫ్రీగా పెట్టేవాళ్ళున్నారు, వాటిని హోమ్‌బ్రూ అంటారు, ప్రాక్టీసుకి అవి చాలు. పాత గేమైనా కాపీరైట్ కాపీరైటే. ఉదాహరణలకి మాత్రం నేను సూపర్ మారియో తీసుకుంటున్నా, అందరికీ తెలిసిన గేమ్, దాని మెమరీ కూడా జనాలు ఇంచు ఇంచు తవ్వేసారు.

లోపల ఎలా ఉంటాదంటే

ఫామికామ్‌లో ర్యామ్ 2 కేబీ. కేబీ అంటే కేబీయే, జీబీ కాదు. అంటే 2048 బైట్లు. మన ఆర్టీసీ కాంప్లెక్స్ క్లోక్‌రూమ్‌లో వరసగా నంబర్లేసిన లాకర్లున్నాయనుకోండి, 2048 లాకర్లు, ఒక్కోదాన్లో ఒక్క అంకె పడతాది, అది 0 నుంచి 255 లోపు ఉండాలి. లాకర్ నంబర్ని అడ్రస్ అంటారు, లోపలున్న అంకెని వాల్యూ అంటారు. మారియో ఎక్కడున్నాడు, ఎంత స్పీడులో ఉన్నాడు, తాబేలు చచ్చిందా లేదా, టైమ్ ఎంత మిగిలింది, అన్నీ ఈ 2048లోనే సర్దుకున్నారు పాపం.

అడ్రస్‌లు హెక్స్‌లో రాస్తారు. మనం 0 నుంచి 9 దాకా లెక్కపెట్టి 10కి వెళ్తాం కదా, హెక్స్‌లో 9 తర్వాత ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ వస్తాయి, ఏ అంటే 10, ఎఫ్ అంటే 15, ఆ తర్వాతే 10 అని రాస్తారు, అది మన 16. కాబట్టి 255ని ఎఫ్ఎఫ్ అంటారు, 127ని 7ఎఫ్ అంటారు. కూర్చుని బట్టీ పట్టకండి, విండోస్ క్యాలిక్యులేటర్‌లో ప్రోగ్రామర్ మోడ్ పెడితే అదే మార్చి చూపిస్తాది.

మొదటి వేట: లైఫ్‌లు

గేమ్ తెరిచి స్టార్ట్ కొట్టండి, మారియో నడిచే దాకా రండి. టైటిల్ స్క్రీన్ దగ్గర ఉండగా వెతకడం మొదలెట్టొద్దు, అక్కడ గేమ్ తనంతట తాను డెమో ఆడుకుంటాది, మెమరీ అంతా కదిలిపోతా ఉంటాది. ఇప్పుడు ఒక సేవ్ స్టేట్ పెట్టుకోండి, అంటే ఈ క్షణంలో గేమ్ ఎలా ఉందో అలాగే దాచుకోవడం. ఇది మర్చిపోవద్దు, మన కరెంటు సంగతి తెలిసిందే, వానొస్తే చాలు పోతాది, పైగా ఏదైనా తప్పు అడ్రస్ కెలికితే గేమ్ బిగుసుకుపోవచ్చు, సేవ్ స్టేట్ ఉంటే క్షణంలో వెనక్కి వచ్చేయొచ్చు.

టూల్స్ మెనూలో ర్యామ్ సెర్చ్ అని ఉంటాది, తెరవండి. ఎడం పక్క అడ్రస్‌ల లిస్టు, కుడి పక్క ఆప్షన్లు. డేటా సైజు 1 బైట్, టైపు అన్‌సైన్డ్ (మైనస్ లేని అంకెలు) పెట్టండి. రీసెట్ నొక్కండి, అప్పుడు లిస్టు మొత్తం కొత్తగా మొదలవుద్ది. ఇక్కడ కంపేర్ టూ దగ్గర ప్రీవియస్ వాల్యూ, స్పెసిఫిక్ వాల్యూ అని రెండు ముఖ్యమైనవి ఉంటాయి. స్పెసిఫిక్ వాల్యూ అంటే ఫలానా అంకె ఉన్నవి చూపించు అని, ప్రీవియస్ వాల్యూ అంటే ఇందాక వెతికినప్పటితో పోల్చి చూపించు అని. మనకి కావాల్సింది ప్రీవియస్ వాల్యూ.

ఇప్పుడు కాసేపు మారియోని అటూ ఇటూ పరిగెత్తించండి, గెంతించండి, ఒక ఇటుక కొట్టండి, కానీ చావొద్దు. ఆపి, ఈక్వల్ టూ పెట్టి సెర్చ్ నొక్కండి. దానర్థం ఏటంటే, నేను ఇంత గెంతినా లైఫ్ మారలేదు కాబట్టి ఈ మధ్యలో మారినవన్నీ నాకు అక్కర్లేదు, తీసేయ్ అని. మారియో ఎక్కడున్నాడో చెప్పే అడ్రస్‌లు, ఫ్రేమ్‌లు (సెకనుకి ఎన్నోసార్లు మారే స్క్రీన్ బొమ్మలు) లెక్కపెట్టేవి, శత్రువులవి, ఇవన్నీ ఒక్క దెబ్బకి ఎగిరిపోతాయి. ఇంకోసారి పరిగెత్తించి మళ్ళీ ఈక్వల్ టూ కొట్టండి. ఇంకొన్ని పోతాయి.

ఇప్పుడు కావాలని గోతిలో పడండి. మారియో చచ్చి, నల్ల స్క్రీన్ వచ్చి, మారియో బొమ్మ పక్కన లైఫ్‌లు చూపించి, మళ్ళీ గేమ్ మొదలయ్యాక లెస్ దేన్ పెట్టి సెర్చ్ కొట్టండి. తగ్గినవే మిగులుతాయి. కావాలంటే లెస్ దేన్ బదులు డిఫరెంట్ బై పెట్టి 1 ఇవ్వొచ్చు, కచ్చితంగా ఒకటి తేడా వచ్చినవే ఉంచుతాది. మళ్ళీ పరిగెత్తించి ఈక్వల్ టూ, మళ్ళీ చచ్చి లెస్ దేన్. ఇలా మారనప్పుడు ఈక్వల్ టూ, చచ్చినప్పుడు లెస్ దేన్, ఒకదాని తర్వాత ఒకటి కొడుతూ పోతే లిస్టు వేళ్ళ మీద లెక్కపెట్టే దాకా వస్తాది. లైఫ్‌లు అయిపోతున్నాయంటే సేవ్ స్టేట్ లోడ్ చేసుకోండి, కాకపోతే లోడ్ చేసిన వెంటనే అంకె పెరుగుతాది కాబట్టి ఆ తర్వాత సెర్చ్ గ్రేటర్ దేన్ అవ్వాలి, ఈ చిన్న విషయం మర్చిపోయే చాలామంది అసలు అడ్రస్‌ని లిస్టులోంచి పోగొట్టుకుంటారు. పోతే అన్‌డూ బటన్ ఉంది, కంగారు పడొద్దు.

చివరికి మిగిలినదాన్లో 075ఏ అని ఒకటి ఉంటాది. అదే. మొదట్లో దాన్లో 2 ఉంటాది, స్క్రీన్ మీద మాత్రం 3 అని కనపడతాది. ఎందుకంటే ఇప్పుడు ఆడుతున్న లైఫ్ కాక ఇంకా ఎన్ని మిగిలాయో అది దాస్తాది, చూపించేటప్పుడు ఒకటి కలిపి చూపిస్తాది. మీరు స్పెసిఫిక్ వాల్యూ 3 అని వెతికుంటే రాత్రంతా కూర్చున్నా దొరికేది కాదు.

రెండు మూడు అడ్రస్‌లు మిగిలిపోయి ఏది అసలుదో తెలీకపోతే ఒక్కోదాన్ని మార్చి చూడటమే మార్గం. డీబగ్ మెనూలో హెక్స్ ఎడిటర్ తెరవండి, ఆ అడ్రస్ దగ్గరికి వెళ్ళి దాని మీద క్లిక్ చేసి కొత్త అంకె టైప్ చేయండి, హెక్స్‌లో. మార్చిన అంకె మళ్ళీ పాతదానికి వచ్చేసిందంటే అది నకలు, స్క్రీన్ మీద చూపించడానికి గేమ్ ఎక్కడినుంచో తెచ్చి రాసుకున్న కాపీ. మార్చింది అలాగే నిలబడి, చచ్చినప్పుడు దాన్నుంచే ఒకటి తగ్గిందంటే అసలుది దొరికినట్టు.

ఎంత పెట్టాలి?

ఇక్కడ అందరూ అత్యాశకి పోతారు. మా మేనల్లుడు గాజువాక నుంచి సెలవలకి వచ్చినప్పుడు ఇది చూపిస్తే వాడు మొదట అడిగింది, "మావయ్యా, 255 పెట్టేస్తే ఏటవుద్ది?" పెట్టుకోమన్నాను. పెట్టాడు, గోతిలో దూకాడు, గేమ్ ఓవర్. వాడి మొహం చూడాలి. "ఏటిది, మోసం!" అంటాడు.

మోసమేం కాదు. గేమ్ ఏం చేస్తాదంటే, చచ్చినప్పుడు ఆ అడ్రస్‌లోంచి ఒకటి తీసేసి, వచ్చినది మైనస్ అయ్యిందా అని చూస్తాది. ఒక బైట్‌లో మైనస్ అని విడిగా రాయడానికి చోటు లేదు కదా, అందుకని 128 నుంచి 255 దాకా ఉన్నవాటిని మైనస్ కింద లెక్కేసుకుంటాది ఆ ప్రాసెసర్, 255 అంటే మైనస్ 1. మామూలుగా ఆడితే 2 తర్వాత 1, తర్వాత 0, ఆ తర్వాత 0లోంచి ఒకటి తీస్తే 255, అంటే మైనస్, గేమ్ ఓవర్. మీరు 255 పెట్టి చస్తే 254 అవుద్ది, అది కూడా మైనస్సే. కాబట్టి 129 దగ్గర్నుంచి పైన ఏది పెట్టినా ఒక్క చావుతో ఖతం. 127 పెట్టుకోండి, హెక్స్‌లో 7ఎఫ్, సేఫ్. అలా అని ఆ మీద లైఫ్ పెంచే వన్ అప్‌లు తింటూ పోకండి మరి.

ఇంకోటి, లైఫ్‌లు 9 దాటితే మారియో లైఫ్ స్క్రీన్‌లో అంకె బదులు ఒక కిరీటం బొమ్మ, పక్కన మిగతా అంకె వస్తాది. 19 దాటిందంటే ఆ పక్కన అక్షరాలు, ఇంకా పైకి పోతే ఏవో ఇటుక ముక్కలు మబ్బు ముక్కలు వస్తాయి. అది పాడైపోయినట్టు కాదు, ఇరవై లైఫ్‌లు ఎవడికొస్తాయిలే అనుకుని ఆ పైన చూపించే ఏర్పాటు చెయ్యలేదంతే. లోపల లెక్క కరెక్టుగానే ఉంటాది.

అన్నదమ్ములిద్దరూ కలిసి టూ ప్లేయర్ ఆడితే ఒక తమాషా ఉంది. 075ఏలో ఉండేది మారియో లైఫ్‌లు అని కాదు, ఇప్పుడు ఎవరి వంతో వాళ్ళ లైఫ్‌లు. వంతు మారగానే లూయిజీవి ఇక్కడికొస్తాయి, మారియోవి 0761కి పోతాయి. మీ లైఫ్‌లు ఫ్రీజ్ చేసుకుని తమ్ముణ్ణి ఓడిద్దామనుకుంటే వాడికీ అవే లైఫ్‌లు వచ్చేస్తాయి.

ఫ్రీజ్ అంటే

ఒకసారి అంకె మార్చి వదిలేయడం ఒక పద్ధతి. ఫ్రీజ్ అంటే ప్రతి ఫ్రేమ్‌కీ ఎమ్యులేటర్ అదే అంకెని మళ్ళీ మళ్ళీ రాస్తా ఉండటం. హెక్స్ ఎడిటర్‌లో ఆ బైట్ మీద రైట్ క్లిక్ చేస్తే ఫ్రీజ్ ఆప్షన్ వస్తాది, ర్యామ్ సెర్చ్ విండోలో అయితే యాడ్ చీట్ నొక్కితే చీట్ లిస్టులో చేరుతాది, కావాల్సినప్పుడు టిక్ పెట్టుకోవచ్చు తీసేయొచ్చు. నా మాటైతే చీట్ లిస్టే వాడండి, ఏది ఫ్రీజ్ చేశామో కళ్ళముందు ఉంటాది.

ఫ్రీజ్ సరదాగా ఉంటాది కానీ బుర్ర పెట్టి చేయాలి. మారియోలో టైమ్ తీసుకోండి. స్క్రీన్ మీద 400 ఉంది కదా అని 400 వెతికితే దొరకదు, 1 బైట్‌లో 400 పట్టదు, పోనీ 2 బైట్లుగా వెతికినా దొరకదు. ఎందుకంటే అది 4, 0, 0 అని మూడు విడి విడి బైట్లలో ఉంది, 07ఎఫ్8, 07ఎఫ్9, 07ఎఫ్ఏ, వందలు పదులు ఒకట్లు. అప్పట్లో ఆ ప్రాసెసర్‌కి భాగాహారం రాదు, పెద్ద అంకెని పదులు ఒకట్లుగా విడగొట్టి స్క్రీన్ మీద వేయడం దానికి పెద్ద పని, అందుకే ముందునుంచే విడగొట్టి పెట్టుకున్నారు. స్కోరు కూడా అంతే. పాత గేముల్లో స్కోర్ వెతుకుతున్నారంటే ముందు ఇదే అనుమానించండి, ఒక్కో అంకె ఒక్కో బైట్.

సరే వందల స్థానం 4 దగ్గర ఫ్రీజ్ చేసేశారు, టైమ్ అయిపోదు, హాయిగా ఆడుకున్నారు, జెండా దగ్గరికొచ్చారు, మారియో కోటలోకి పోయాడు. ఇక్కడ గేమ్ మిగిలిన టైమంతా స్కోరుగా మార్చి, టైమ్ మూడంకెలూ సున్నా అయ్యాకే తర్వాత లెవెల్‌కి పంపిస్తాది. మీరేమో 4ని పట్టుకుని వదలట్లేదు. టిక్ టిక్ టిక్‌మని స్కోరు పెరుగుతానే ఉంటాది, లెవెల్ అవ్వదు. ఫ్రీజ్ టిక్ తీసేయండి, టైమ్ దిగి సున్నాకొచ్చి గేమ్ కదులుతాది. ఏ గేమ్‌లోనైనా ఉన్నట్టుండి లెవెల్ దాటకుండా ఆగిపోయిందంటే ముందు మీ ఫ్రీజ్‌లన్నీ తీసి చూడండి, సగం సార్లు రోగం అక్కడే.

చూపించేది ఒకటి, లెక్కేసేది ఒకటి

కాయిన్ల దగ్గర ఇది బాగా తెలుస్తాది. 075ఈలో కాయిన్ల లెక్క ఉంటాది. దాన్లో 99 పెట్టండి, హెక్స్‌లో 63. స్క్రీన్ పైన చూస్తే ఏమీ మారలేదు, ఇందాక 7 ఉంటే ఇప్పుడూ 7. పని చెయ్యలేదనుకుని వదిలేస్తారు ఇక్కడ. ఒక్క కాయిన్ తీసుకోండి. టింగ్‌మని లైఫ్ వస్తాది, స్క్రీన్ మీద మాత్రం 8. ఎందుకంటే స్క్రీన్ మీద కనపడే అంకెలు వేరే బైట్లలో ఉన్నాయి, లైఫ్ ఇవ్వాలా వద్దా అని చూసేది 075ఈని. రెండూ మామూలుగా కలిసే పెరుగుతాయి కాబట్టి ఎవరికీ తేడా తెలీదు.

ఇంకాస్త కెలుకుదాం. 99 బదులు 150 పెట్టండి. ఎన్ని కాయిన్లు తిన్నా లైఫ్ రాదు. ఎందుకంటే గేమ్ అడిగేది 100 అయ్యిందా అని మాత్రమే, 100 దాటిందా అని కాదు. 150 నుంచి పెరుగుతా 255 దాకా పోయి, సున్నాకి తిరిగి, మళ్ళీ 100 రావాలి. ఇలాంటివి చూస్తేనే ఆ ప్రోగ్రామ్ రాసినోడు ఏమనుకున్నాడో అర్థమవుద్ది, నాకు ఫ్రీ లైఫ్‌ల కన్నా ఇదే ఎక్కువ ఇష్టం నిజం చెప్పాలంటే.

అలాంటిదే ఇంకోటి. 0756లో మారియో పవర్ ఉంటాది, 0 అంటే చిన్న మారియో, 1 పెద్ద, 2 నిప్పులేసే మారియో. చిన్నగా ఉన్నప్పుడు 2 పెడితే పెద్దవాడు అవ్వడు, సైజు వేరే చోట, 0754లో ఉంది కాబట్టి. చిన్న మారియోనే నిప్పులు కక్కుతా తిరుగుతాడు. 079ఎఫ్‌ని సున్నా కాకుండా ఏదో ఒకటి పెట్టి ఫ్రీజ్ చేస్తే స్టార్ తిన్నట్టు ఎప్పటికీ మెరుస్తానే ఉంటాడు, ఎవరు తగిలినా వాళ్ళే పోతారు, గోతిలో పడితే మాత్రం వీడూ పోతాడు. 075ఎఫ్ వరల్డ్ నంబర్, అదీ సున్నా నుంచే లెక్క, 7 పెట్టి ఒకసారి చస్తే 8వ వరల్డ్‌లో లేస్తారు. జనాలు వింతగా చెప్పుకునే మైనస్ వరల్డ్ (స్క్రీన్ మీద -1 అని కనపడే లెవెల్) కూడా ఇదే లెక్క, అక్కడ ఈ బైట్‌లో 35 ఉంటాది, ఒకటి కలిపితే 36, ఆ 36వ బొమ్మ ఖాళీ, అందుకే స్క్రీన్ మీద గీత ముందు ఏమీ కనపడదు.

అంకె అసలు కనపడకపోతే

వీడియో గేమ్ షాపుల్లో రూపాయి బిళ్ళేసి ఆడిన ముస్తఫా గుర్తుందా? అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది, మన దగ్గర ఆ పేరుతో అడిగితే ఎవడికీ తెలీదు. దాన్లో ఎనర్జీ గీతే తప్ప అంకె లేదు. ఇలాంటివాటికి స్పెసిఫిక్ వాల్యూ వల్ల ఉపయోగం సున్నా, మన మార్పు పద్ధతే దిక్కు. దెబ్బ తింటే లెస్ దేన్, తిండి తింటే గ్రేటర్ దేన్, ఏమీ జరక్కపోతే ఈక్వల్ టూ. ఇలాంటి షాపు మెషీన్ల (ఆర్కేడ్) గేములకి మేమ్ (MAME) అనే ఎమ్యులేటర్ కావాలి, దాన్ని డీబగ్ ఆప్షన్‌తో తెరిస్తే చీట్‌ఇనిట్, చీట్‌నెక్స్ట్ అని కమాండ్లుంటాయి, పేర్లు వేరైనా జరిగేది ఇదే వడపోత. ఒక్కోసారి ఎనర్జీని తగ్గుతున్నట్టు కాక తిన్న దెబ్బలు పెరుగుతున్నట్టు దాస్తారు కొందరు, లెస్ దేన్‌తో దొరకలేదంటే దెబ్బ తిన్నాక నాట్ ఈక్వల్ టూ పెట్టి చూడండి, పెరిగినా తగ్గినా పట్టేస్తాది.

ఇంకో చిట్కా, ఎఫ్‌సీఈయూఎక్స్‌లో నంబర్ ఆఫ్ ఛేంజెస్ అని ఉంటాది, ఒక అడ్రస్ ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టి దాంతో వడపోస్తాది. క్లియర్ ఛేంజ్ కౌంట్స్ నొక్కి, ఒక్క బుల్లెట్ పేల్చి, ఒక్కసారి మారినవి చూపించమంటే ఎంత బాగా తగ్గుతాదో.

పెద్ద అంకెలు, పెద్ద మెషీన్లు

255 దాటే డబ్బులు, ఎక్స్‌పీరియన్స్ లాంటివి రెండు బైట్లలో పెడతారు. 500 అంటే 1 సారి 256, పైన 244. ఎన్‌ఈఎస్ లాంటివాటిలో చిన్న భాగం ముందు ఉంటాది, అంటే 244 తర్వాత 1. సెగా మెగా డ్రైవ్‌లో, ముస్తఫా ఆడే క్యాప్‌కామ్ బోర్డులో ప్రాసెసర్ వేరు, అక్కడ పెద్ద భాగం ముందు. ఎమ్యులేటర్‌లో ఆ కన్సోల్‌కి తగ్గట్టు సెర్చే చూసుకుంటాది, కానీ హెక్స్ ఎడిటర్‌లో చేత్తో మార్చేటప్పుడు మీరే గుర్తుపెట్టుకోవాలి.

మూడో రకం ఇంకోటుంది, బీసీడీ అంటారు. గేమ్‌బాయ్‌లో పోకెమాన్ రెడ్ ఇంగ్లిష్ వెర్షన్ తీసుకోండి, మొదట్లో 3000 ఇస్తాడు. మెమరీలో డీ347 నుంచి మూడు బైట్లు చూస్తే 00, 30, 00 అని హెక్స్‌లోనే కనపడతాది, ఒక్కో బైట్‌లో రెండంకెలు, హెక్స్‌ని హెక్స్‌గా కాకుండా మామూలు అంకెలుగా చదవాలి. మూడూ 99 అని కొడితే 999999. అక్కడ ఎఫ్ఎఫ్ కొట్టొద్దు, బీసీడీలో ఎఫ్ అనే అంకె లేదు, డబ్బు లెక్క చెడిపోతాది.

మెషీన్ పెద్దదయ్యేకొద్దీ లాకర్లు పెరుగుతాయి. గేమ్‌బాయ్ 8 కేబీ, మెగా డ్రైవ్ 64 కేబీ, సూపర్ నింటెండో 128 కేబీ, మొదటి ప్లేస్టేషన్ 2 ఎంబీ. పద్ధతి మారదు, ఈక్వల్ టూ ఇంకొన్నిసార్లు ఎక్కువ కొట్టాలి. ప్లేస్టేషన్ దగ్గర్నుంచి ఒక చిరాకు మొదలవుద్ది, కొన్ని గేముల్లో లెవెల్ మారితే అడ్రస్ కూడా మారిపోతాది. అందుకని ఎన్‌ఈఎస్ దగ్గరే చెయ్యి తిరిగే దాకా ఉండమంటాను.

తగ్గించే లైనునే పట్టుకోవడం

ఇది ఆప్షనల్, భయమేస్తే వదిలేయండి. డీబగ్ మెనూలో డీబగ్గర్ తెరిచి, బ్రేక్‌పాయింట్ యాడ్ చేసి, అడ్రస్ 075ఏ, రైట్ (write, రాయడం) అని పెట్టండి. అంటే ఆ అడ్రస్‌లో ఎవరైనా రాయగానే గేమ్ ఆపు అని. వెళ్ళి చావండి. గేమ్ ఠక్కున ఆగి, 91డీ9 దగ్గర ఒక లైను చూపిస్తాది, అక్కడ బైట్లు సీఈ, 5ఏ, 07. సీఈ అంటే ఒకటి తగ్గించు, తర్వాత రెండూ తిరగేసి చదివితే 075ఏ, మన అడ్రస్. అంటే ప్రోగ్రామ్‌లో లైఫ్ తీసే చెయ్యి దొరికింది.

ఆ సీఈని ఏడీ చేస్తే? ఏడీ అంటే ఆ అడ్రస్ చదువు అని అర్థం, ఊరికే చదివి ఊరుకుంటాది, తగ్గించదు. ఎన్నిసార్లు చచ్చినా లైఫ్ పోదు, ఫ్రీజ్ కూడా అక్కర్లేదు. 1990లో వచ్చిన గేమ్ జీనీ అనే డబ్బా చేసింది ఇదే, క్యాసెట్‌కీ మెషీన్‌కీ మధ్యలో పెట్టి, ప్రోగ్రామ్ చదివేటప్పుడు ఒక బైట్ బదులు ఇంకోటి అందించేది. దాన్లో మారియోకి ఎస్, ఎక్స్, ఐ, ఓ, పీ, ఓ అని ఒక కోడ్ బాగా ఫేమస్, ఆ ఆరక్షరాల్లో దాగున్నది కరెక్టుగా ఇదే, 91డీ9 దగ్గర ఏడీ పెట్టు అని. ఎఫ్‌సీఈయూఎక్స్ డీబగ్ మెనూలో గేమ్ జీనీ డీకోడర్ ఉంది, కొట్టి చూసుకోండి. దీని మీద నింటెండోకీ, అమ్మిన గలూబ్ కంపెనీకీ అమెరికాలో కోర్టు గొడవ నడిచింది, గలూబే గెలిచింది, అప్పీల్లో కూడా 1992లో అదే తీర్పు.

ఫోన్‌లో అయితే

రెట్రోఆర్క్‌లో గేమ్ నడుస్తుండగా క్విక్ మెనూలోకి వెళ్ళి చీట్స్ తెరవండి, దాన్లో స్టార్ట్ ఆర్ కంటిన్యూ చీట్ సెర్చ్ ఉంటాది. సైజు 8 బిట్ పెట్టి సెర్చ్ రీస్టార్ట్ చేయండి. తర్వాత ఆడటం, మెనూకి రావడం, లెస్ దేన్ బిఫోర్ గానీ ఈక్వల్ టు బిఫోర్ గానీ నొక్కడం, మళ్ళీ ఆడటం. తక్కువ మిగిలాక మ్యాచ్‌లని లిస్టులో చేర్చే ఆప్షన్ ఉంటాది, చేర్చి, చీట్ ఆన్ చేసి, వాల్యూ పెట్టి, చివర్లో అప్లై ఛేంజెస్ నొక్కడం మర్చిపోవద్దు, నొక్కకపోతే ఏదీ పట్టదు. టచ్ స్క్రీన్ మీద మెనూకీ గేమ్‌కీ తిరగడం కాస్త విసుగే, బస్సులో మద్దిలపాలెం నుంచి గాజువాక పోయే లోపు ఒక అడ్రస్ పట్టొచ్చు అనుకోండి, ట్రాఫిక్‌ని బట్టి.

రెట్రో అచీవ్‌మెంట్స్‌లో (పాత గేముల్లో సాధించినవి నమోదు చేసే సైట్) లాగిన్ అయి ఉంటే హార్డ్‌కోర్ మోడ్‌లో చీట్లు, సేవ్ స్టేట్లు రెండూ పనిచేయవు, ముందు అది ఆపుకోండి. స్పీడ్‌రన్ (గేమ్‌ని ఎంత త్వరగా ముగించామన్న పోటీ) రికార్డులకి ఇలా ఆడి పంపించొద్దు. ఇప్పటి ఆన్‌లైన్ గేముల్లో ఇదే ట్రిక్కు వేద్దామనుకునే గుంటలకి ఒక మాట, అక్కడ డబ్బులు లైఫ్‌లు సర్వర్లో ఉంటాయి, మీ ఫోన్‌లో మార్చినా అది స్క్రీన్ మీద బొమ్మే, పైగా అకౌంట్ లేపేస్తారు.

దొరికిన అడ్రస్‌లు ఎఫ్‌సీఈయూఎక్స్‌లోని ర్యామ్ వాచ్ అనే విండోలో పేరు పెట్టి ఫైల్‌గా సేవ్ చేసుకోండి. ఫైల్ పేరులో గేమ్ ఏ దేశం వెర్షనో కూడా రాయండి, జపాన్ కాపీలో పట్టుకున్న అడ్రస్ అమెరికా కాపీలో ఇంకో చోట ఉండొచ్చు, క్యాసెట్ హ్యాక్ అయితే మరీ. ఒకవేళ మీ అడ్రస్ ఇంకో కాపీలో పనిచేయకపోతే అదే అడ్రస్‌కి అటూ ఇటూ ఉన్న బైట్లు ముందు చూడండి, చాలాసార్లు కాస్త పక్కకి జరిగి ఉంటాది, లేదంటే రీసెట్ కొట్టి మళ్ళీ గోతిలో దూకడం మొదలెట్టండి.